శంకరప్ప తిట్టని పద్దెనిమిది రోజులు

నారాయణఖేడ్ నుంచి కంగ్టి వెళ్ళే రోడ్డు మీద, పంచర్ల కొట్టుకూ ఎరువుల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా లేదు. కాలిపోయిన బోరు మోటర్‌ను ఆటోలో వేసుకొచ్చే రైతు ఎవరినీ దారి అడగనక్కర్లేదు. ఏ షెడ్డులోంచి తిట్లు వినిపిస్తే అదే మోటర్లు చుట్టే శంకరప్ప దుకాణం.

"దీన్ని చుట్టినోని చేతులిరగ! గిది మోటరా, పెంటకుప్పనా? తీస్కపోయి గంగల కలుపు! దేనికీ పనికిరాదు. ఎల్లుండి పొద్దుగాల్ల వచ్చి సావు!"

ఇదీ ఆయన చేసే మర్యాద. కొత్తగా వచ్చినవాడైతే మొహం వేలాడేసుకుని మోటర్‌ను మళ్ళీ ఆటో ఎక్కించబోతాడు. పక్కన నిలబడ్డ పాత రైతు ఎవరో ఆపుతారు. "ఆగు తమ్మీ, ఏడికి వోతవ్? తిట్టిండంటే చేస్తడు. ఎల్లుండి అన్నడు గద, ఎల్లుండి రా." ఎల్లుండి పొద్దున మోటర్ తయారుగా ఉంటుంది. తీసుకుపోయేటప్పుడు ఇంకో నాలుగు తిట్లు ఉంటాయి, అవి ఉచితం.

అసహ్యానికి శంకరప్ప పెట్టింది పేరు. లావు తీగ అని చెప్పి సన్న తీగ చుట్టేవాడంటే అసహ్యం. జాయింటు సరిగ్గా కట్టకుండా టేపు అంటించి పంపేవాడంటే అసహ్యం. రేపు రా, మాపు రా అని రైతును తిప్పేవాడు కనిపిస్తే ఆ పక్కకు ఉమ్మేసి మరీ నడుస్తాడు. చాయ్‌లో చక్కెర ఎక్కువైనా, పెళ్ళి పందిట్లో ఎవడైనా మైకు పట్టుకుని వదలకపోయినా ఆయన మొహం వేపాకు నమిలినట్టు అవుతుంది.

నిజం చెప్పాలంటే, పొద్దున్నే ఆయన్ని మంచం మీంచి లేపేది ఆశ కాదు, ఈ ఏవగింపే. దుకాణంలో విప్పి పెట్టిన మోటర్ ఒకటి ఉంటుంది. ఎవడో చేతకానివాడు లోపల కుక్కిన తీగ మాడి మసై ఉంటుంది. ఆ దరిద్రం ఇంకా అలాగే ఉందన్న తలపుకే ఆయన చేతులు దురద పెడతాయి. ఎప్పుడు దాన్ని ఊడబెరికి, గొట్టం తుడిచి, ఒక్కో వరసా దువ్వినట్టు చుట్టేద్దామా అని గబగబా మొహం కడుక్కుని సైకిలెక్కుతాడు. బతుకు మీద ఉత్సాహం అనేది కొందరికి ఇలా కూడా వస్తుంది.

ఈ పని ఆయన బీదర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాడు. పదిహేడేళ్ళప్పుడు చేరి నాలుగేళ్ళు ఉంటే, ఆ నాలుగేళ్ళలో ఉస్తాద్ ఒక్కసారి కూడా శభాష్ అనలేదు. వీపు మీద ఒకటి చరిచి, "మళ్ళీ ఊడదీయ్" అనేవాడు. బల్ల మీద ఎప్పుడూ ఒక్క మోటరే ఉండాలి, అది పూర్తయ్యేదాకా రెండోది గడప లోపలికి రాకూడదు. చుట్టినదాన్ని నీళ్ళ డ్రమ్ములో ఒక పూటంతా ముంచి చూడందే ఎవరి చేతికీ ఇవ్వకూడదు. రైతుకు ఒక రోజు చెప్పాలి, చెప్పాక ఆ రోజు తప్పకూడదు. చదువంటే శంకరప్పకు ఇంతే వచ్చు. ఈ చదువుతోనే ఇల్లు నిలబెట్టాడు, బిడ్డను చదివించాడు.

ఆయన బతుకు కూడా ఆ బల్లంత పొందికగానే ఉంటుంది. రెండు ఖాకీ చొక్కాలు, ఒక సైకిలు, బటన్ల ఫోను. మధ్యాహ్నం భార్య బసమ్మ కట్టిచ్చిన రెండు జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల తొక్కు. అవసరం లేని వస్తువు ఇంట్లో కనిపిస్తే ఆ పూటే ఎవరికో ఇచ్చేస్తాడు. దీన్నే సరళ జీవనం అంటారనీ, దాన్ని నేర్పడానికి ఊళ్ళల్లో క్లాసులు పెడతారనీ ఆయనకు యాభై ఎనిమిదో ఏడు వచ్చేదాకా తెలియదు.

ఇరవై తొమ్మిదేళ్ళలో శంకరప్ప మెత్తగా మాట్లాడింది మూడే మూడు సార్లు. మూడోసారి కంగ్టి వైపు నుంచి శ్రీను అనే రైతు మోటర్ తెచ్చాడు. శంకరప్ప విప్పి చూశాడు. గొట్టం నిలువునా పగిలి ఉంది, ఇక చుట్టినా లాభం లేదు. చేతులు తుడుచుకుని, స్టూలు జరిపి, ఆ పిల్లగాణ్ణి కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. "తమ్మీ, రంది వడకు. అయిందేదో అయింది" అన్నాడు. చాయ్ సగం తాగకముందే శ్రీనుకు సంగతి అర్థమైపోయి కళ్ళు తుడుచుకున్నాడు. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల మండలాల్లో అదొక లెక్కగా నిలిచిపోయింది. శంకరప్ప తిట్టాడా, మోటర్ బతికినట్టే. కూర్చోబెట్టి చాయ్ తాగించాడా, ఇక అంతే సంగతులు.

ఈ లెక్క ఊరందరికీ తెలుసు, శంకరప్పకు తప్ప. ఎవరి నోటి సంగతి వాళ్ళకేం తెలుస్తుంది!

మొన్న ఫిబ్రవరి చివర్లో ఆయన బల్ల పక్కనే కళ్ళు తిరిగి పడ్డాడు. దవాఖానలో బీపీ అన్నారు. ఉప్పు తగ్గించు, కోపం తగ్గించు అన్నారు. ఉప్పు సంగతి బసమ్మ చూసుకుంది. కోపం సంగతి బిడ్డ సంధ్యారాణి నెత్తినేసుకుంది.

సంధ్యారాణి ఖేడ్‌లోనే ఒక ప్రైవేటు బడిలో టీచరు. మొగుడు పట్నంలో పని చేసి పదిహేను రోజులకోసారి వస్తాడు. ఇద్దరు చిన్నపిల్లలు, బడి, వంట, దిద్దాల్సిన కాపీల కట్టలు. ఏడాది కింద ఆమె తల పట్టుకుని కూర్చున్న రోజుల్లో ఎవరో ఫోన్‌లో ఒక క్లాసు చూపించారు. ఆదివారం ఆదివారం ఒక సారు చెబుతాడు. ఇంట్లో చెత్త తగ్గించుకోండి, తలలో చెత్త తగ్గించుకోండి, పొద్దున్నే మూడు పనులు రాసుకుని అవే చేయండి, మంచే తలచండి, మంచే మాట్లాడండి. అబద్ధమెందుకు, ఆమెకు అది పనికొచ్చింది. ఐదింటికి లేస్తోంది, పిల్లల మీద అరవడం మానేసింది. తనకు పనికొచ్చిన మందు తండ్రికీ పనికొస్తుందనుకుంది. మందు ఒకటే అయినా రోగాలు వేరని ఆమెకు తోచలేదు.

"బాపు, ఇరవై ఒక్క దినాలు. గంతే. నీ నోట్లకెళ్లి ఒక్క చెడ్డ మాట రావద్దు" అంది.

"నేనేం చెడ్డమాట్లాడిన బిడ్డా? మోటర్‌ను తిట్టిన. మోటర్‌కు బీపీ వస్తదా?"

"నీకొస్తది" అని ఫోన్ పెట్టి చూపించింది. తెల్ల చొక్కా సారు. పళ్ళు మరీ తెల్లగా ఉన్నాయి. ప్రతి మాటకూ ముందొక నవ్వు, వెనకొక నవ్వు. జీవితం చాలా తేలిక మిత్రులారా, మనమే బరువు చేసుకుంటున్నాం అంటున్నాడు. ఐదు హార్స్‌పవర్ మోటర్‌ను ఎత్తి బల్ల మీద పెట్టి చూడరా బిడ్డా, బరువంటే ఏందో తెలుస్తది అని శంకరప్ప నోటిదాకా వచ్చింది. తల తిప్పుకుని వాకిట్లోకి ఉమ్మేశాడు.

"ఛీ ఛీ. గీడు మనిషేనా?"

సంధ్యారాణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బసమ్మ వంటింట్లోంచి వచ్చి, "గా నోరే నిన్ను తింటది. ఆ పిల్ల నీ పాణం కోసమే గద చెప్తుంది" అంది. శంకరప్ప మోటర్ ఎంత పాడైనా బాగుచేయగలడు గానీ బిడ్డ ఏడుపు చూసి నిలబడలేడు. సరేనన్నాడు.

ఆ మర్నాడే సంధ్యారాణి దుకాణానికి వచ్చి గోడకు ఒక కాగితం అంటించింది. అంతా మన మంచికే, అని రంగుల్లో రాసి ఉంది. చేతికి రబ్బరు బ్యాండు తొడిగింది. చెడ్డమాట వచ్చినప్పుడల్లా లాగి మణికట్టు మీద కొట్టుకోవాలట. ఫలానా రోజుకి ఇస్తానని మాట ఇచ్చి గుండెను కష్టపెట్టుకోవద్దు, అయినప్పుడే ఫోన్ చేయమంది. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, నవ్వుతూ మాట్లాడమంది. ఆ బ్యాండు మధ్యాహ్నానికే తెగిపోయింది. శంకరప్ప పక్క కొట్టులోంచి పాత సైకిల్ ట్యూబు ముక్క తెచ్చి, వలయంగా కోసి చేతికి తొడుక్కున్నాడు. అది తెగే రకం కాదు. వారం తిరిగేసరికి మణికట్టు వాచి ఎర్రబడింది.

ఆ రోజులు ఎలా గడిచాయో ఆయనకే తెలియాలి. తన నోట్లోంచి వచ్చే మాటలు తనకే బెల్లం పాకం కారినట్టు జిగటగా తగిలేవి. మాట్లాడాక నోరు పుక్కిలించుకోవాలనిపించేది. పొద్దున లేస్తే చేతులు దురద పెట్టడం లేదు. మాడిన తీగను చూసి, ఏదో మంచికే మాడి ఉంటుంది అనుకుంటే ఇక దాన్ని ఊడబెరకడానికి మనిషికి ఊపు ఎక్కణ్ణించి వస్తుంది? ఐనా పనిలో మాత్రం లోటు చేయలేదు. ఉస్తాద్ చెప్పిన పద్ధతి చేతుల్లో ఉంది కాబట్టి చేతులు చేసుకుపోయాయి. వచ్చిన రైతులు మాత్రం ఆయన నవ్వు చూసి ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. ఒకతను మోటర్ దించకుండానే ఇంకో దుకాణానికి పోయాడు. ఇంకొకతను ఇంటికి వెళ్ళి మరీ బసమ్మను అడిగాడు, "శంకరప్పకు పాణం బాగలేదా వదినా? ఏమన్న పెద్ద రోగమా?" అని.

పదహారో రోజు మంగళవారం. కల్హేర్ నుంచి రామవ్వ వచ్చింది.

రామవ్వకు అరవై దాటాయి. మొగుడు పోయి ఆరేళ్ళు. రెండెకరాల భూమి, ఒక బోరు, ఆ బోరు కింద యాసంగి వరి. ఆమె మోటర్ ఇదివరకు రెండుసార్లు శంకరప్పే చుట్టాడు. రెండుసార్లూ ఆమెను, ఆమె బోరును, ఆమె ఊరి కరెంటును కలిపి తిట్టాడు. రెండుసార్లూ చెప్పిన రోజుకు మోటర్ ఇచ్చాడు. ఈసారి పైరు సరిగ్గా పొట్టకొచ్చింది. ఆదివారం నీళ్ళు ఆగాయి. మార్చి ఎండ. మడి నెర్రెలు విచ్చుతోంది. శుక్రవారం లోపు తడి అందకపోతే కంకి బయటికి రాదు, వచ్చినా తాలే. ఏడాది తిండీ, ఏడాది బతుకూ ఆ నాలుగు రోజుల మీద నిలబడి ఉన్నాయి.

"పొట్టమీదున్నది శంకరప్పా. శుక్రారం దాటితే పోతది" అంది, ఆటో దిగుతూనే.

ఆయన మోటర్ విప్పాడు. చూడగానే తెలిసిపోయింది. స్టార్టరు మాటిమాటికీ కొట్టేస్తుంటే, అది పడిపోకుండా కట్టెపుల్ల చెక్కి అడ్డం పెట్టి నడిపించింది ముసల్ది. కరెంటు తక్కువొచ్చినా మోటర్ ఆగలేదు. ఆగకుండా తిరిగి తిరిగి మాడింది. పుల్ల పెట్టొద్దని గతంలో ఆయన ఎంత మొత్తుకున్నాడో! కడుపులోంచి తిట్టు ఒకటి కొండచిలువలా కదిలి గొంతుదాకా వచ్చింది. శంకరప్ప సైకిల్ ట్యూబు లాగి మణికట్టు మీద ఫట్టున వదిలాడు. గోడ మీద కాగితం చూశాడు. బిడ్డ మొహం గుర్తు చేసుకున్నాడు. తరవాత స్టూలు ముందుకు జరిపాడు.

"కూసో రామవ్వా" అన్నాడు.

రామవ్వ కూర్చోలేదు. ఆయన మొహంలోకి చూసింది.

"కూసో. చాయ్ తాగు. రంది వడకు. ఏదైనా మన మంచికే అయిందనుకోవాలె. ఉన్నదాంట్ల సంతోషంగుండాలె" అని నవ్వాడు. ఆ నవ్వుకు ఆయన దవడలు నొప్పి పుట్టాయి.

"ఎప్పుడు రావాలె శంకరప్పా?" ఆమె నిలబడే అడిగింది.

"గా ఫికరంత నాకిడిసిపెట్టు. నువ్వు ఇంటికి వొయ్యి నిమ్మళంగుండు. నేనే ఫోన్ జేస్త."

చాయ్ వచ్చింది. రామవ్వ గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. కాసేపటికి దాన్ని కింద పెట్టి, మోటర్ దగ్గరికి పోయి, దాని మీద చెయ్యి వేసి తీసింది. ఆపైన రోడ్డు మీదికి నడిచింది. శంకరప్ప అదంతా చూశాడు. ముసల్ది ఈసారి బుద్ధిగా పోయిందే అనుకున్నాడు. సాయంత్రం బిడ్డతో గొప్పగా చెప్పాడు కూడా. "స్టార్టర్ల పుల్లవెట్టి కాలవెట్టినదాన్ని గూడ ఒక్క మాటనలే బిడ్డా." సంధ్యారాణి మురిసిపోయి తండ్రి వాచిన మణికట్టుకు కొబ్బరినూనె రాసింది.

బుధవారమంతా చుట్టాడు. గురువారం పొద్దున డ్రమ్ములో ముంచాడు. మధ్యాహ్నం తీసి చూస్తే ఎక్కడా చెమ్మ పట్టలేదు, బంగారంలా ఉంది. రామవ్వకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. నాలుగుసార్లు చేశాడు. పొట్టమీదున్న వరిని పెట్టుకుని, మోటర్ కోసం ప్రాణాలుగ్గబట్టుకుని ఉండాల్సిన మనిషి ఫోన్ ఎత్తకపోవడమేమిటో ఆయనకు అంతుపట్టలేదు. ఎన్నడూ లేనిది దుకాణానికి తాళమేసి, దుర్గేశ్ ట్రాలీ ఆటోలో మోటర్ వేయించుకుని కల్హేర్ బయల్దేరాడు. దుర్గేశ్ దారంతా పాటలు పెట్టాడు. శంకరప్ప మణికట్టు మీద ట్యూబు లాక్కుంటూ కూర్చున్నాడు.

చేను దగ్గర ఆటో ఆగగానే ముందుగా వినిపించింది నమిలే చప్పుడు.

పచ్చటి మడిలో నూటయాభై గొర్రెలు. తలలు ఎత్తకుండా, తోసుకోకుండా, తీరిగ్గా మేస్తున్నాయి. పొట్ట చీల్చి లోపలి లేత కంకిని లాగి మరీ తింటున్నాయి. మూతులకు పచ్చటి పసరు అంటుకుంది. పచ్చివాసనా పెంటవాసనా కలిసి గుప్పున కొట్టాయి. ఈ చివరినుంచి సగం మడి నేలమట్టమై, గిట్టల గుంటలతో పుండులా ఉంది. మంద యజమాని సంగమేశ్ గట్టు మీద కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. రామవ్వ బోరు దగ్గర సిమెంటు గద్దె మీద, చేనుకు వీపు పెట్టి కూర్చుని ఉంది. నీళ్ళందక పోయిన పంటలో మందను తోలి మేపించడం ఆ వైపు మామూలే. పశువుల కడుపైనా నిండుతుంది, నేలకు ఎరువైనా పడుతుంది. కానీ ఇది పోయిన పంట కాదు. ఇంకా పచ్చగా ఉన్న పంట, రేపు నీళ్ళు తాగాల్సిన పంట.

శంకరప్పకు కాగితం గుర్తుకురాలేదు, సారు గుర్తుకురాలేదు, బీపీ గుర్తుకురాలేదు. పద్దెనిమిది రోజులుగా మింగిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఏయ్! నీ గొర్లకు రోగం రాను! ఎవడ్రా మందను తోలింది? ఓ రామవ్వా! నీకు బుద్ధున్నదా, గడ్డి తింటున్నవా? స్టార్టర్ల పుల్లవెట్టి మోటర్ కాలవెడితివి! ఇప్పుడు పచ్చి చేన్ల గొర్లను ఇడిస్తివి! నీ తెలివి మంట్ల కలువ! దరిద్రపు మోటర్, దరిద్రపు బోరు, అన్నిటికంటె పెద్ద దరిద్రపుదానివి నువ్వు! నీ నోట్ల మన్ను వడ! దాన్ని చుట్టుకుంట నా నడుమిరిగింది, తెల్సా?"

రామవ్వ గిర్రున తిరిగింది. మొదట ఆమెకు ఆ గొంతు నమ్మబుద్ధి కానట్టుంది. ఇంకో రెండు తిట్లు విన్నాక మెల్లగా లేచి నిలబడింది.

"తిడుతున్నవా శంకరప్పా? అంటే... మోటర్ నడుస్తదా?"

"నడవక? నేను చుట్టినంక నడవక సస్తదా? ఆటోల ఉన్నది సూడు, కండ్లు వోయినయా?"

మరి ఆమె ఆగలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, కొంగు విసురుతూ మడిలోకి పరుగెత్తింది. "హేయ్! హేయ్! పోండ్రి! సంగమేశూ, మల్లియ్యిరా, జల్దీ మల్లియ్యి!" సంగమేశ్‌కు ఏమీ అర్థం కాలేదు. "నువ్వే గదనే పొద్దుగాల్ల రమ్మన్నది?" అంటూనే కర్ర తీసుకుని దిగాడు. దుర్గేశ్ దిగాడు. శంకరప్ప చెప్పులు ఊడిపోతున్నా ఆగకుండా నెర్రెల్లో పడుతూ లేస్తూ గొర్రెల చెవులు పట్టుకుని గట్టెక్కించాడు. నోటికి మాత్రం తెరిపి ఇవ్వలేదు.

మంద బయటపడ్డాక మోటర్ దించే పని మొదలైంది. పైపుకు బిగించి, కేబులును పైపుకు కట్టుకుంటూ, తాడు పట్టి నలుగురూ మెల్లగా బోరులోకి వదులుతున్నారు. అప్పుడు చెప్పింది రామవ్వ, తాడు మీద నుంచి చూపు తియ్యకుండానే.

"మా ఆయన్ను పట్నం దవాఖాన్ల ఏసినప్పుడు డాక్టరు రోజు మా మీద కస్సుమంటుండె. గిన్ని దినాలు ఏం జేసిండ్రు, ముందే తేవద్దా అని. తిట్టినన్ని దినాలు బతుకుతడని నాకు ధైర్యముండె. ఆఖరి దినం నా భుజం మీద చెయ్యేసి, అమ్మా కూసో అన్నడు. నీళ్ళు తాపిచ్చిండు. మంగళారం నువ్వు గట్లనే కూసో అన్నవు. చాయ్ తాపిచ్చినవు. దినం గూడ చెప్పలే. ఇగ మోటర్ పోయింది, ఏడ్వద్దని గిట్ల చెప్తున్నవనుకున్న. కొత్త మోటర్ తెచ్చేదాన్ని గాదు నేను. ఎండి పొట్టైనంక గొర్లు గూడ ముట్టయి. పచ్చిగున్నప్పుడే మేపితే జీవాలన్న తింటయి గద అని పిలిచిన. నీ ఫోన్ మోగితే గూడ గదే మాట చెప్తవని ఎత్తలే."

శంకరప్ప తాడును ఇంకో మూర వదిలాడు. చేతులు తమ పని తాము చేస్తున్నాయి గానీ లోపల తన మీద తనకు కలిగిన రోత అంతా ఇంతా కాదు. జీవితంలో ఎందరి పనిని అసహ్యించుకున్నాడో! సన్న తీగ చుట్టినవాణ్ణి, టేపు అంటించి పంపినవాణ్ణి, రేపు రా మాపు రా అన్నవాణ్ణి. వాళ్ళలో ఒక్కడు కూడా మోటర్‌ను బంగారంలా చుట్టి చేతిలో పెట్టి, ఒక్క తియ్యటి మాటతో చేను నాశనం చేసి ఉండడు. ఎల్లుండి రా అని ఒక్క మాట అనలేదు. ఉస్తాద్ నేర్పిన మూడు ముక్కల్లో అదొకటి. గుండెకు కష్టమని దాన్ని వదిలేశాడు. ఇప్పుడు ఎవరి గుండెకు కష్టమైంది?

కేబులు కట్టే ట్యూబు ముక్కలు అయిపోయాయి. చివరి కట్టుకు ఒకటి తక్కువైంది. దుర్గేశ్ ఆటోలో వెతకబోయాడు. శంకరప్ప తన మణికట్టు మీది ట్యూబును లాగి, కత్తెరతో ఒకచోట తెంపి, పైపుకూ కేబులుకూ కలిపి బిగించి కట్టాడు. పైపు ఇంకో రెండడుగులు దిగింది. దానితో పాటు అదీ బోరులోకి పోయింది.

స్టార్టరు మూత తీసి, లోపల ఇంకా ఉన్న కట్టెపుల్లను పీకి దూరంగా విసిరాడు. మీట నొక్కాడు. పైపు గురగురలాడి, ఎర్రటి బురద కక్కి, ఆ తరవాత తెల్లటి నీళ్ళు ధారగా పోసింది. నీళ్ళు కాలువ పట్టి గొర్రెలు తొక్కిన మడిలోకి ముందు పోయాయి. గిట్టల గుంటలన్నీ నిండాయి. అక్కడ తాగడానికి మొక్క లేదు. రామవ్వ గబగబా మట్టి అడ్డం వేసి ధారను పచ్చగా నిలిచిన సగానికి మళ్ళించింది.

శంకరప్ప గట్టు మీద నిలబడి చూశాడు. ఎకరానికి కొంచెం అటూ ఇటూగా మిగిలింది. మిగతాది లేదు. పొద్దున కట్టుకొచ్చిన జొన్నరొట్టెల టిఫిను ఆటోలో అలాగే ఉంది, ఆయనకు దాన్ని విప్పబుద్ధి కాలేదు. దుర్గేశ్ రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు.

రామవ్వ చేతులు కడుక్కుని వచ్చి పక్కన నిలబడింది. ఆయన మొహం చూసి ఆమెకే జాలి వేసినట్టుంది.

"సగమన్న మిగిలింది శంకరప్పా. నయమే. గొర్ల పెంట వడ్డది, వానకాలం మంచిగ పండుతది" అంది.

ఈ మాటనే ఆ పళ్ళ సారు చెప్పి ఉంటే శంకరప్ప ఉమ్మేసేవాడు. పంట పోయినామె, పోగొట్టినవాడికి చెబుతుంటే ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పయిపోయింది అక్కా, నన్ను మన్నించు అనాలనిపించింది. ఆ మాట మెత్తగా, తడిగా పెదవులదాకా వచ్చింది. రామవ్వ ఆయన మొహంలోకే చూస్తోంది. ఆయన మెత్తబడుతున్నకొద్దీ ఆమె మొహంలో మంగళవారం నాటి భయం మళ్ళీ పాకుతోంది. చూపు ఆయన మీద నుంచి నీళ్ళు పోసే పైపు మీదికి పోయి వస్తోంది.

శంకరప్ప ఆ మాటను మింగేశాడు.

"ఏం సూస్తున్నవ్ నా మొకం?" అని గట్టిగా అరిచాడు. "మల్ల స్టార్టర్ల పుల్లవెట్టినవో, నీ చేతులు ఇరగ్గొడ్త! బుధారం వచ్చి సూస్త. మోటర్‌కు ఏమన్నైతే నిన్ను తీస్కపోయి గా బోర్లనే ఏస్త! తెలివిలేని ముసల్దానా!"

రామవ్వ మొహంలోంచి ఆ భయం దిగిపోయింది.

"ఆఁ, గట్ల అను" అంది.

అని, పార భుజాన వేసుకుని, నీళ్ళు ఎందాక పారాయో చూడడానికి మడిలోకి దిగింది.